నిఘా నీడలో పత్రికలు, కార్మిక సంఘాలు: మనం అడగవలసిన ఆధారాలు

(తిరుపతిలో కార్మిక కుటుంబాలు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ప్రాంతంలో మేము ఎక్కడికి వెళ్ళినా రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. పత్రికలలో మన గురించి వచ్చే వార్తలను విలేఖరులే రాస్తున్నారా, నిఘా విభాగాలవారు రాయిస్తున్నారా అన్నది మొదటిది. మా యూనియన్ నాయకుడు మా మనిషేనా, లేక వారు పంపిన కోవర్టా అన్నది రెండవది. ఈ ప్రశ్నలను ఎవరూ సభలో లేచి అడగరు. నమాజు ముగిసి బయటికి వచ్చేటప్పుడో, ఆటో స్టాండులో టీ తాగేటప్పుడో గొంతు తగ్గించి అడుగుతారు. గొంతు తగ్గించి మాట్లాడే విషయాలే సమాజాన్ని లోలోపల ఎక్కువగా తొలుస్తాయి. అందువలన వీటిని బహిరంగంగా చర్చించాలని మేము నిశ్చయించుకున్నాము.

మా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాము. గూఢచార సంస్థలు పత్రికలను, కార్మిక సంఘాలను రహస్యంగా ప్రభావితం చేయడం కట్టుకథ కాదు. అనేక దేశాలలో అది పత్రాలతో, సాక్ష్యాలతో రుజువైన చరిత్ర. కనుక అనుమానం కలగడం తప్పు కాదు. అయితే అనుమానాన్ని పరీక్షకు పెట్టకుండా ఒకరి నుండి మరొకరికి చేరవేస్తే, నిఘా విభాగం చేయలేని పనిని మన చేతులతో మనమే చేసినవారమవుతాము. ఈ రెండు మాటలనూ కలిపి ఆలోచించవలసిందిగా కోరుతున్నాము.

మొదట నిఘా అంటే ఏమిటో చూద్దాము. కేంద్ర ప్రభుత్వపు ఇంటెలిజెన్స్ బ్యూరో మూలాలు 1887లో ఆంగ్లేయులు నెలకొల్పిన ప్రత్యేక విభాగంలో ఉన్నాయి. అంతటి ప్రాచీన సంస్థకు అధికారాలనూ హద్దులనూ నిర్ణయించే ప్రత్యేక చట్టమేదీ పార్లమెంటు నేటికీ చేయలేదు. రాష్ట్ర స్థాయిలో పోలీసు శాఖకు ఇంటెలిజెన్స్ విభాగం, జిల్లా స్థాయిలో స్పెషల్ బ్రాంచి ఉంటాయి. మన కుటుంబాలకు తెలిసిన నిఘా ఇదే. కువైట్‌కు పోవడానికి బిడ్డ పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే విచారణకు ఇంటికి వచ్చేది స్పెషల్ బ్రాంచి కానిస్టేబులే. బంద్‌కో, ధర్నాకో పిలుపునిస్తే ఎంతమంది వస్తారని యూనియన్ కార్యాలయానికి వచ్చి అడిగేదీ అతడే. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీని అవసరం తరువాత వస్తుంది.

ఇప్పుడు రుజువైన చరిత్రకు వస్తాము. 1950లో పశ్చిమ బెర్లిన్‌లో సాంస్కృతిక స్వేచ్ఛా మహాసభ అనే సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరం బొంబాయిలో దానికి భారత శాఖ వెలసింది. ఆ శాఖ ఆధ్వర్యంలో 'క్వెస్ట్' అనే ఆంగ్ల పత్రిక నడిచింది. లండన్‌లో 'ఎన్‌కౌంటర్' అనే ప్రసిద్ధ పత్రిక వెలువడేది. స్వేచ్ఛ పేరిట నడిచిన ఈ మహాసభకు డబ్బు అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఎ. నుండి, దాతృత్వ సంస్థల ముసుగులో వచ్చేదని 1966, 1967 సంవత్సరాలలో అమెరికా పత్రికలే బయటపెట్టాయి. 'ఎన్‌కౌంటర్' సంపాదకులలో ఒకరైన కవి స్టీఫెన్ స్పెండర్ ఆ డబ్బు మూలం తనకు తెలియదంటూ రాజీనామా చేశారు. సంపాదకుడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా పత్రికకు వచ్చే డబ్బు ఎక్కడిదో అతడికే తెలియకపోవచ్చు.

కార్మిక సంఘాల కథ కూడా అదే కాలంలో వెల్లడైంది. సి.ఐ.ఎ.లో ఆ పనులను పర్యవేక్షించిన థామస్ బ్రేడెన్ 1967 మే నెలలో ఒక అమెరికన్ పత్రికలో స్వయంగా వ్యాసం రాశారు. మధ్యధరా రేవులలో కమ్యూనిస్టు కార్మికులను ఎదుర్కొనే ముఠాలకు చెల్లించడానికి అర్వింగ్ బ్రౌన్ అనే అమెరికన్ కార్మిక నాయకునికి 15,000 డాలర్లు ఇచ్చామని అందులో ఒప్పుకున్నారు. ఆ పని చేసినందుకు ఆయన పశ్చాత్తాపపడలేదు, సమర్థించుకున్నారు. 1976లో అమెరికా సెనేట్ నియమించిన చర్చ్ కమిటీ, సుమారు 50 మంది అమెరికన్ పాత్రికేయులతో సి.ఐ.ఎ.కు రహస్య సంబంధాలు ఉండేవని తన నివేదికలో నమోదు చేసింది.

ఎదుటి పక్షమూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. సోవియట్ గూఢచార సంస్థ కె.జి.బి. పత్రాలను వాసిలీ మిత్రోఖిన్ అనే మాజీ అధికారి నకలు రాసుకొని బయటికి తెచ్చారు. వాటి ఆధారంగా 2005లో వెలువడిన గ్రంథం ప్రకారం, ఒక్క 1972లోనే భారత పత్రికలలో 3,789 వ్యాసాలను తాము వేయించామనీ, 1973 నాటికి 10 భారతీయ పత్రికలు తమ జీతంపై ఉన్నాయనీ కె.జి.బి. లెక్క చెప్పుకుంది. ఇవి ఆ సంస్థ తన పై అధికారులకు చూపుకున్న లెక్కలు. అధికారి తన ఘనతను పెంచి రాసుకునే అవకాశం అన్ని దేశాలలోనూ ఉంటుంది. కనుక ఆ అంకెను అక్షరసత్యంగా స్వీకరించలేము, కొట్టివేయనూ లేము. ఒక ఉదంతం మాత్రం సందేహానికి తావివ్వదు. 1983 జూలైలో ఢిల్లీ నుండి వెలువడే 'పేట్రియట్' పత్రికలో, ఎయిడ్స్ వ్యాధిని అమెరికా సైన్యం తన ప్రయోగశాలలో సృష్టించిందని ఒక అజ్ఞాత లేఖ వచ్చింది. ఆ అబద్ధం ప్రపంచమంతా తిరిగింది. దాని వెనుక తమ గూఢచారుల హస్తం ఉన్నదని రష్యా విదేశీ గూఢచార సంస్థ అధిపతి ప్రిమకోవ్ 1992లో అంగీకరించారు. అప్పటికి తొమ్మిదేళ్ళు గడిచాయి.

విదేశీ సంస్థలను నిందించి మన ప్రభుత్వాలను వదిలివేయడం న్యాయం కాదు. 1978లో వెలువడిన తన గ్రంథంలో అమెరికా మాజీ రాయబారి మొయినిహన్, కేరళలోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ కమ్యూనిస్టులను ఓడించడానికి సి.ఐ.ఎ. రెండు పర్యాయాలు కాంగ్రెసు పార్టీకి డబ్బు ఇచ్చిందని రాశారు. కాంగ్రెసు దానిని ఖండించింది. అదే పార్టీ ప్రభుత్వం తనను విమర్శించిన వారందరి వెనుక విదేశీ హస్తం ఉన్నదని నిత్యం ఆరోపించేది. ఎమర్జెన్సీ కాలంలో పత్రికలను అనుకూలమైనవి, తటస్థమైనవి, వ్యతిరేకమైనవి అని వర్గీకరించి ప్రకటనలు పంచారని 1977లో జనతా ప్రభుత్వం ప్రచురించిన శ్వేతపత్రం వెల్లడించింది. అనగా పత్రికను లొంగదీయడానికి రహస్య కవరు అవసరం లేదు. బహిరంగంగా ఇచ్చే ప్రకటన చాలు. నేడు మన జిల్లాలలోని చిన్న పత్రికలు ఎవరి ప్రకటనలపై బతుకుతున్నాయో చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మరొక సంగతి. 1985లో పార్లమెంటు నిఘా సంస్థల ఉద్యోగుల హక్కులను పరిమితం చేస్తూ ఒక చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగి అనుమతి లేకుండా కార్మిక సంఘంలో చేరరాదు, పత్రికలతో మాట్లాడరాదు. సంస్థ హద్దులను నిర్ణయించే చట్టం లేదు గాని, ఉద్యోగి నోరు కట్టే చట్టం ఉన్నది. పత్రికలతో మాట్లాడరాదని చట్టం చెబుతుండగా, ప్రతి ఉగ్రవాద కేసులోనూ నిఘా వర్గాల కథనం అంటూ పుంఖానుపుంఖంగా వార్తలు ఎక్కడి నుండి వస్తున్నాయని మనం అడగవద్దా?

ఇప్పుడు మన గడపలోకి వస్తాము. 2007 మే 18, శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, తరువాత జరిగిన పోలీసు కాల్పులలో 5 మంది మరణించారు. పిదప పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిలో కొందరిని చిత్రహింసలకు గురిచేశారనడానికి ఆధారాలున్నాయని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. ఆ నెలలలో పత్రికలు ఏమి రాశాయి? పేరులేని అధికారులు చెప్పిన కుట్రలను, పొరుగు దేశాల సంబంధాలను, ఇంకా ముద్దాయిగా కూడా తేలని పిల్లల పేర్లతో సహా ముద్రించాయి. అనంతరం ఆ యువకులు కోర్టులలో నిర్దోషులుగా విడుదలయ్యారు. కొందరికి రాష్ట్ర ప్రభుత్వం 3 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇచ్చింది. దానిని కూడా 2013లో హైకోర్టు చెల్లదన్నది. కేంద్ర దర్యాప్తు సంస్థలు తరువాత వేరే వర్గానికి చెందినవారిపై అభియోగాలు మోపాయి. 2018 ఏప్రిల్ 16న కోర్టు వారినీ నిర్దోషులుగా ప్రకటించింది. 14 ప్రాణాలు పోయాయి, నేటికీ దోషి లేడు. మొదటి పుటలో నిందితుడైన పిల్లవాడు, విడుదలైన నాడు లోపలి పుటలో నాలుగు వాక్యాలకు నోచుకుంటాడు. ఆ మధ్య కాలంలో అతడి ఉద్యోగం పోయింది, చెల్లెలి సంబంధం తప్పిపోయింది. ఆ నష్టాన్ని ఏ సవరణ ప్రకటన పూడ్చగలదు?

నాటి చిత్తూరు జిల్లా పుత్తూరులో 2013 అక్టోబరు 5న తమిళనాడు, ఆంధ్ర పోలీసులు ఒక ఇంటిని గంటల తరబడి ముట్టడించి ఇద్దరిని పట్టుకున్నారు. వారిపై తమిళనాడులో హత్య కేసులు ఉన్నాయి. వారి తరఫున మేము ఒక్క మాట కూడా మాట్లాడము. నేరం ఎవరు చేసినా న్యాయస్థానం తేల్చవలసిందే, శిక్ష పడవలసిందే. మా ప్రశ్న వేరు. ఒక ఇంటిలో ఇద్దరు దొరికినందువలన, ఊరిలో దర్జీ పని చేసుకునేవాడు, మెకానిక్కు, పండ్ల వ్యాపారి కూడా సమాధానం చెప్పుకోవలసిన స్థితి రావడం ఏ న్యాయం? ఇల్లు అద్దెకు అడిగితే పేరు వినగానే ముఖం మారడం ఏ చట్టంలో ఉన్నది? వార్తలో రాసే ఒక్కొక్క విశేషణం ఆ ముఖాలపై ప్రభావం చూపుతుంది.

ఇది మనకొక్కరికే జరిగిన అన్యాయమని అనుకోవద్దు. 2015 ఏప్రిల్ 7న మన తిరుపతి పక్కనే, శేషాచలం అడవులలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పులలో 20 మంది మరణించారు. అందరూ తమిళనాడు కూలీలు. రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేసినందువలన ఆత్మరక్షణకు కాల్చామన్న పోలీసుల కథనమే తొలి రోజు వార్తగా వచ్చింది. మరణించినవారిలో కొందరిని ముందురోజే బస్సులో నుండి దింపి తీసుకుపోయారని, తాము తప్పించుకున్నామని సాక్షులు ఆ తరువాత జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు వచ్చారు. ఆ కూలీలు ముస్లిములు కారు. అయినా వారికోసం మాట్లాడవలసిన బాధ్యత మనపై ఉన్నది. పోలీసు ప్రకటనే వార్త అయిపోయే పద్ధతిని ఒక్క మన విషయంలోనే కాక, అందరి విషయంలోనూ ప్రశ్నించినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో నిఘా, పత్రికా రంగం ఒకదానితో ఒకటి ఎంత దగ్గరగా మసలుతున్నాయో ఇటీవలి రెండు వ్యవహారాలు చూపుతున్నాయి. 2022 మార్చిలో పెగాసస్ గూఢచర్య పరికరం గురించి, పౌరుల సమాచార చౌర్యం గురించి ఆరోపణలు రాగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక సభాసంఘాన్ని నియమించింది. నాటి తిరుపతి శాసనసభ్యులు భూమన కరుణాకరరెడ్డి దానికి అధ్యక్షులు. ఆరోపణకు గురైన పార్టీ దానిని ఖండించింది. తెలంగాణలో 2024 మార్చి నుండి నడుస్తున్న ఫోన్ ట్యాపింగ్ కేసులో ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగపు అధికారులతో పాటు ఒక టెలివిజన్ ఛానల్ బాధ్యుడు కూడా నిందితుడు. పాత్రికేయుల ఫోన్లు సైతం విన్నారన్నది ఆరోపణ. కేసు విచారణలో ఉన్నది కనుక పేర్లు చెప్పము, తీర్పు కూడా మేము చెప్పము. మక్కా మసీదు కుర్రవాళ్ళకు దక్కని సంయమనాన్ని మనం ఇతరులకు ఇవ్వాలి.

సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక నిపుణులు పెగాసస్ విషయంలో 29 ఫోన్లను పరీక్షించి, 5 ఫోన్లలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉన్నదని, అది పెగాసస్ అని నిర్ధారించలేమని 2022లో తెలిపారు. ప్రభుత్వం విచారణకు సహకరించలేదని కూడా వారు పేర్కొన్నారు. తెరచి చూపనివారిపై అనుమానం పెరగక ఏమవుతుంది?

అయితే అనుమానం ఆయుధంగా మారే రెండవ దారి కూడా ఉన్నది. దాని గురించి మన సభలలో ఎవరూ మాట్లాడరు. అమెరికా సమాఖ్య పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. 1956 నుండి 1971 వరకు కోయింటెల్‌ప్రో అనే రహస్య పథకాన్ని నడిపింది. నల్లజాతి ఉద్యమాలను, వామపక్ష సంఘాలను లోపలి నుండి విచ్ఛిన్నం చేయడం దాని లక్ష్యం. అందులోని ఒక పద్ధతి వినండి. సంఘంలో నిజాయితీగా పనిచేసే కార్యకర్తను ఎంచుకొని, అతడు పోలీసు ఇన్‌ఫార్మర్ అని ఆకాశరామన్న ఉత్తరాల ద్వారా, పుకార్ల ద్వారా ప్రచారం చేసేవారు. సహచరులే అతడిని వెలివేసేవారు. నిజమైన ఇన్‌ఫార్మర్ మాత్రం ఆ వెలివేతకు అందరికంటే బిగ్గరగా చప్పట్లు కొట్టేవాడు. 1971లో పౌరులు కొందరు ఎఫ్.బి.ఐ. కార్యాలయం నుండి పత్రాలు తీసుకుపోయి పత్రికలకు పంపిన తరువాతనే ఈ పథకం బయటపడింది. పుకారుతో మొదలైన కుట్రను బయటపెట్టినవి పత్రాలు.

ఇంగ్లండులో 2009లో ఒక రహస్య సంస్థపై దాడి చేయగా 3,213 మంది నిర్మాణ కార్మికుల పేర్లున్న నల్ల జాబితా దొరికింది. యూనియన్‌లో చురుకుగా ఉండడం, భద్రత లేదని ఫిర్యాదు చేయడం వంటి కారణాలకే ఆ జాబితాకెక్కి, వారు సంవత్సరాల తరబడి పని దొరకక అలమటించారు. పోలీసుల నుండి కూడా ఆ జాబితాకు సమాచారం చేరిందని లండన్ పోలీసు శాఖ 2018లో ఒప్పుకున్నది. న్యూయార్క్‌లో మసీదులను, ముస్లిముల హోటళ్ళను, విద్యార్థి సంఘాలను సంవత్సరాల పాటు గమనించిన పోలీసు విభాగం, ఆ నిఘా వలన ఒక్క ఉగ్రవాద కేసుకు కూడా ఆచూకీ దొరకలేదని 2012లో ప్రమాణపూర్వకంగా చెప్పవలసి వచ్చింది. ఆ విభాగం వలన కలిగిన ఫలితం ఒకటే: మసీదులో పక్కన నిలబడినవాడు ఎవరోనన్న భయం.

ఇటువంటి భయం మన ప్రాంతంలో ఏమి చేసిందో మేము చూశాము. ఊరి పేరు, సంఘం పేరు చెప్పము. అక్కడ సరుకు ఎత్తే హమాలీలు కూలి రేటు పెంచాలని పని ఆపారు. మూడవ రోజున వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది: కోశాధికారి ఇంటెలిజెన్స్ మనిషి, సంగతులన్నీ వారికి చేరవేస్తున్నాడు అని. ఆధారమేమిటని అడిగితే, స్పెషల్ బ్రాంచి కానిస్టేబులుతో టీకొట్టు వద్ద నిలబడి మాట్లాడాడు అన్నారు. ఆ కానిస్టేబులు ఆ వారంలో మాట్లాడనిది ఎవరితో? కోశాధికారి అవమానంతో తప్పుకున్నాడు. చందా పుస్తకం ఎవరి వద్ద ఉండాలన్న తగవు వచ్చింది. హిందూ హమాలీలు ఒక వైపు, ముస్లిం హమాలీలు ఒక వైపు అయ్యారు. ఆరవ రోజున పాత రేటుకే పనిలోకి దిగారు. ఆ సందేశాన్ని మొదట పంపినది యజమానుల మనిషో, పోలీసుల మనిషో, లేక పదవి ఆశించిన సొంత మనిషో నేటికీ తేలలేదు. తేలకపోయినా నష్టపోయినది మాత్రం ఆ ఎత్తుడు కూలీల పిల్లలు.

సోదరులారా, సూరా అల్ హుజురాత్ మనకు ఇటువంటి సందర్భానికే మార్గం చూపుతున్నది. ఎవరైనా ఒక వార్త తెచ్చినప్పుడు నిజానిజాలు పరిశీలించమనీ, లేనిచో తెలియక ఒక సమూహానికి హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అందులో హెచ్చరిక ఉన్నది. అదే సూరాలో అధికమైన అనుమానాలకు దూరంగా ఉండమనీ, ఒకరి గుట్టు ఒకరు కూపీ లాగవద్దనీ ఆదేశం ఉన్నది. మొదటి ఆదేశాన్ని పత్రికలకు వినిపించి, రెండవదానిని మనం మరచిపోతే మనకు ఫిర్యాదు చేసే అర్హత ఎక్కడిది?

ప్రభుత్వం కూడా అనుమానాన్నే ఆధారంగా చూపినప్పుడు ఏమి జరుగుతుందో చూడండి. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో న్యూస్‌క్లిక్ అనే వార్తాసంస్థపై, చైనా ప్రచారానికి డబ్బు తీసుకున్నదన్న ఆరోపణతో దాడులు జరిపి దాని సంపాదకుడు ప్రబీర్ పురకాయస్థను ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. అరెస్టుకు కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వలేదు కనుక ఆ అరెస్టు చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారణం కాగితంపై ఉండాలి అన్నది దేశపు అత్యున్నత న్యాయస్థానం పోలీసులకు పెట్టిన నియమం. మన సంఘాలలో ఒకరిని కోవర్టు అనే ముందు మనకు ఆ మాత్రం నియమం ఉండవద్దా?

ఇక చేయవలసిన పనులు. ఇవి పెద్ద పోరాటాలేమీ కావు, ఓపిక కావలసిన పనులు.

మొదటిది పత్రికల విషయం. ప్రతి పత్రికా ప్రతి సంవత్సరం ఫిబ్రవరి ముగిసిన తరువాత వచ్చే తొలి సంచికలో యజమాని ఎవరు, సంపాదకుడు ఎవరు, ప్రధాన వాటాదారులు ఎవరు అని తెలిపే ప్రకటనను నాలుగవ నమూనాలో ప్రచురించడం చాలా కాలంగా వస్తున్న నిబంధన. మనలో ఎంతమంది దానిని చదివారు? మన ఊరికి వచ్చే ప్రతి పత్రిక ప్రకటనను కత్తిరించి ఫైలులో పెట్టండి. నిఘా వర్గాలు, విశ్వసనీయ సమాచారం అనే మాటలతో వచ్చిన వార్తలను తేదీతో సహా భద్రపరచండి. ఏడాది తరువాత ఆ వార్తలలో ఎన్ని కోర్టులో నిలిచాయో లెక్క చూడండి. ఆ లెక్క చేతిలో ఉన్నప్పుడు సంపాదకుని ఎదుట మన మాట ఆరోపణగా గాక సాక్ష్యంగా నిలుస్తుంది. తప్పు వార్తపై ముందుగా సంపాదకునికి లేఖ రాయండి; ఫలితం లేకుంటే దినపత్రిక విషయంలో రెండు నెలలలోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పోలీసులు పత్రికలకు ఏమి చెప్పవచ్చునో, ఏమి చెప్పకూడదో మార్గదర్శకాలు రూపొందించమని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. మన న్యాయవాదులు ప్రతి కేసులో ఈ ఆదేశాన్ని ఉటంకించాలి. విలేఖరులందరినీ శత్రువులుగా చూడవద్దు. మండల విలేఖరికి చాలచోట్ల సరైన జీతమే లేదు. పోలీసు స్టేషను ఇచ్చే ప్రకటన అతడికి సులభంగా దొరికే వార్త. మన పక్షం వినిపించడానికి మనం అందుబాటులో ఉన్నామా? ప్రతి పట్టణంలో ఇద్దరు బాధ్యులను ఎంచి, వారి ఫోన్ నంబరు విలేఖరులందరికీ ఇవ్వండి.

రెండవది కార్మిక సంఘాల విషయం. సంఘం లెక్కల పుస్తకాలను, సభ్యుల జాబితాను తనిఖీ చేసే హక్కును సభ్యునికి, 2025 వరకు అమలులో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే కల్పించింది. ఆడిట్ చేసిన లెక్కలు ఏటా రిజిస్ట్రారుకు పంపాలన్నదీ ఆ చట్టంలో ఉండిన నియమమే. చందాకు రసీదు, బ్యాంకు ఖాతాపై ఇద్దరి సంతకాలు, ప్రతి సమావేశానికి తీర్మానాల పుస్తకం, నిర్ణీత కాలానికి ఎన్నికలు ఉన్న సంఘంలో బయటి డబ్బు దాక్కోవడానికి చోటు దొరకదు. యాజమాన్యంతోగాని పోలీసులతోగాని మాట్లాడవలసి వస్తే ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళండి, వచ్చిన వెంటనే ఏమి మాట్లాడారో పుస్తకంలో రాయండి. అప్పుడు టీకొట్టు వద్ద ఎవరితో నిలబడ్డాడన్న ప్రశ్నే పుట్టదు. ఎవరిపైనైనా ఆరోపణ వస్తే లిఖితపూర్వకంగా, సంతకంతో ఇవ్వమనండి. ఆరోపణకు గురైన వ్యక్తి సమాధానం విన్న తరువాతనే నిర్ణయం తీసుకోండి. సంతకం పెట్టడానికి ఇష్టపడని ఆరోపణను అక్కడితో ఆపండి, వాట్సాప్‌లో ముందుకు పంపవద్దు.

మూడవది కుటుంబాల విషయం. పోలీసులు విచారణకు పిలిస్తే లిఖితపూర్వకమైన నోటీసు అడగండి, న్యాయవాదికి చెప్పండి, ఒంటరిగా వెళ్ళవద్దు. సాక్షిగా విచారించవలసిన స్త్రీలను, 15 ఏళ్ళ లోపు బాలురను, 60 ఏళ్ళు దాటిన పురుషులను స్టేషనుకు రప్పించరాదని, వారి నివాసంలోనే విచారించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను చెబుతున్నది. ఈ సంగతి ప్రతి తల్లికీ తెలియాలి. సమాచార హక్కు చట్టం నిఘా సంస్థలకు మినహాయింపు ఇచ్చినా, 24వ సెక్షను ప్రకారం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు. మానవ హక్కుల విషయమైతే సమాచార కమిషన్ అనుమతితో 45 రోజులలోగా సమాచారం ఇవ్వాలి. ఈ దారిలో దరఖాస్తులు పెట్టే యువతీ యువకులు మనకు కావాలి.

నాలుగవది మనందరి రాజకీయ డిమాండు. ఇంటెలిజెన్స్ బ్యూరోకు, రాష్ట్ర నిఘా విభాగాలకు చట్టబద్ధమైన హద్దులు ఉండాలి. అవి చట్టసభలకు జవాబు చెప్పాలి. ఇది దేశ భద్రతకు వ్యతిరేకమైన కోరిక కాదు. బాంబు పేలినప్పుడు చనిపోయేవారిలో మనమూ ఉన్నాము. మక్కా మసీదులో చనిపోయినది నమాజుకు వెళ్ళినవారే. నిజమైన దోషిని పట్టుకునే నిఘా మనకూ కావాలి. అమాయకుని పేరు పత్రికకు అందించి ఫైలు మూసివేసే నిఘా వలన దోషి తప్పించుకుంటాడు. ఈ కోరికను మన వేదికలపై మాత్రమే గాక, తిరుపతిలోని రవాణా కార్మికుల మధ్య, రేణిగుంట రైల్వే కార్మికుల మధ్య, చిత్తూరు మామిడి గుజ్జు కర్మాగారాలలో పనిచేసే స్త్రీల మధ్య వినిపించాలి. ఫోన్ విన్నప్పుడు మతం చూసి వినరు. యూనియన్ చీలినప్పుడు అందరి కూలీ పడిపోతుంది.

ఈ సభ ముగిసిన తరువాత ప్రతి సంఘం నుండి వచ్చినవారు ఒక్క పని చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. ఈ నెలలోనే సర్వసభ్య సమావేశం పిలిచి, లెక్కల పుస్తకాన్ని సభ్యుల ముందు తెరచి పెట్టండి. ఎవరిపైనైనా గుసగుసలు నడుస్తుంటే ఆ వ్యక్తిని గౌరవంగా పిలిచి, సంతకం చేసిన ఆరోపణ ఉన్నదా అని సభనే అడగండి. లేకుంటే ఆ మనిషి చేయి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకోండి. అటువంటి వారు మన ప్రాంతంలో కొందరు ఇళ్ళలో తలవంచుకొని కూర్చున్నారు. వారిని తిరిగి సంఘంలోకి తీసుకురావడం నుండే మన పని ఆరంభం కావాలి.